పొగ తగ్గే పొయ్యి ఏది?

దీర్ఘకాలపు దగ్గుకు, ఆయాసానికి మందు కోరి వచ్చే గృహిణుల నాడి పట్టకముందే నేను ఒక ప్రశ్న అడుగుతాను: "అమ్మా, మీ ఇంట్లో స్నానాలకు నీళ్ళు దేనిమీద కాగుతాయి?" చాలామందికి ఇది వింతగా తోస్తుంది. "మాకు గ్యాసు ఉంది స్వామీ" అని జవాబిస్తారు. ఆ గ్యాసు అన్నం, పప్పు, కాఫీల వరకే. పెరట్లో నీళ్ళ కాగు కింద కంపకట్టె మండుతూనే ఉంటుంది. సంగటి కెలికేటప్పుడు పెద్ద తపేలా గ్యాసు పొయ్యిమీద నిలవదని కట్టెలపొయ్యి ఒకటి వేరే ఉంటుంది. జొన్నరొట్టె కట్టెల మంటమీద కాలితేనే రొట్టె అని పెద్దల పట్టుదల. ఓళిగల పండుగ వచ్చిందంటే ఆ పొయ్యి పగలంతా ఆరదు. కర్నూలు, కడప ప్రాంతాల మధ్యతరగతి ఇళ్ళలో పొగ పూర్తిగా పోలేదు. వంటింటి నుండి పెరటికి, వెనుక వసారాకు మారింది.

ఈ పొగను లెక్కలోనికి తీసుకొనకుండా ఎన్ని లేహ్యాలు సేవించినా ఫలితం నిలవదు. రోగకారణాన్ని తొలగించుకొనడమే చికిత్సలో మొదటి మెట్టు అని ఆయుర్వేదం చెబుతుంది. దానికే నిదాన పరివర్జనమని పేరు. 1970లలో నేను గురుకులంలో చదువుకొనే రోజులలో మా గురువుగారు శ్వాసరోగి ఇంటికి వెళితే ముందుగా వంటింటి దూలాలవైపు చూసేవారు. దూలాలు నల్లగా నిగనిగలాడుతుంటే, ఈ ఇంటికి వైద్యునికంటే ముందు తాపీమేస్త్రీ రావలెనని అనేవారు.

ఇటీవలి అనుభవం ఒకటి చెబుతాను. విశ్రాంత ఉపాధ్యాయుని భార్య, ఏబదియైదేళ్ళ ఇల్లాలు, మూడేళ్ళుగా దగ్గుతో బాధపడుతూ వచ్చారు. సితోపలాది చూర్ణం, వాసావలేహ్యం వాడినప్పుడు కొంత ఉపశమనం కలిగేది. వేసవిలో పూర్తిగా తగ్గేది. కార్తీకం రాగానే మళ్ళీ మొదలై మాఘం దాకా పీడించేది. చలికాలపు దగ్గు అని ఇంటిల్లిపాదీ నిశ్చయించుకొన్నారు. కాని మన సీమలో వేసవిలో వేడినీళ్ళ స్నానం ఎవరు చేస్తారు? కాగు కింద మంట పెట్టేది చలికాలంలోనే. తెల్లవారుజామున నలుగురికి నీళ్ళు కాచే పని ఆమెది. గాలి కదలని ఆ వేళ పెరటి గోడల నడుమ పొగ పైకి లేవదు. ఛాతీ వైద్యునివద్దకు పంపి ఊపిరి పరీక్ష చేయించగా శ్వాసనాళాలు సన్నబడినట్లు తేలింది. ఆ ఏడాది వారు మిద్దెపై సౌర హీటరు పెట్టించారు. మరుసటి చలికాలం దగ్గు చాలావరకు తగ్గింది. మెట్లు ఎక్కేటప్పటి ఆయాసం మాత్రం కొంత మిగిలే ఉంది. పొగ తిన్న ఊపిరితిత్తులు పోగొట్టుకొన్న బలాన్నంతా తిరిగి తెచ్చుకొనలేవు. అందుచేతనే పొయ్యిని మార్చే పని వాయిదా వేయతగినది కాదు.

శాస్త్రంలో పొగ ఉంది కదా!

"మన పెద్దలు పొగలోనే వండి తొంబదియేళ్ళు బ్రతికారు, ధూపం, ధూమపానం శాస్త్రంలోనే ఉన్నాయి కదా" అని కొందరు వాదిస్తారు. ఉన్నవి, నిజమే. చరక సంహిత సూత్రస్థానం ఐదవ అధ్యాయంలో ఔషధ ధూమపాన విధి సవిస్తరంగా ఉంది. కాని ఆ విధిని పూర్తిగా చదివినవారు ఇలా వాదించరు. ఆ ధూమనాళికకు కొలత ఉంది: ప్రయోజనాన్ని బట్టి ఇరువదినాలుగు, ముప్పదిరెండు, ముప్పదియారు అంగుళాలు. దానికి కణుపులు ఉండాలి. దూరం నుండి, కణుపుల గుండా సాగి, వేగం తగ్గి వచ్చిన ధూమం ఇంద్రియాలను బాధించదని అక్కడే కారణం చెప్పబడింది. పీల్చవలసిన వేళలు ఎనిమిది. పీల్చకూడనివారి పట్టిక వేరే ఉంది. అందులో గర్భిణి కూడా ఉంది. నాళికతో, మాత్రతో ఇచ్చే ఔషధ ధూమాన్నే గర్భిణికి వద్దన్న శాస్త్రం, కంపకట్టె పొగముందు ఆమెను గంటసేపు కూర్చోబెట్టమని చెబుతుందా?

పొయ్యిపొగను మన గ్రంథాలు రోగకారణాల వరుసలోనే చేర్చాయి. చరకుడు శ్వాసరోగ నిదానంలో ధూళితో పాటు పొగను పేర్కొన్నాడు. సుశ్రుతుడు ఉత్తరతంత్రంలో కాసకు, నేత్రరోగాలకు కూడా పొగను కారణంగా చెప్పాడు. సూత్రస్థానంలో పొగ తగిలి సొమ్మసిల్లినవాని లక్షణాలనే ప్రత్యేకంగా వర్ణించాడు: ఎగశ్వాస, తుమ్ములు, దగ్గు, ఎర్రబడిన కళ్ళు, ఇతర వాసనలు తెలియకపోవడం, దప్పిక, మూర్ఛ. ఈనాటి వైద్యులు ఇదే విషయాన్ని వేరొక భాషలో చెబుతున్నారు. తలవెంట్రుక మందంలో ముప్పయ్యో వంతుకు మించని సూక్ష్మకణాలు ఊపిరితిత్తుల అట్టడుగుకు చేరతాయి. వీటినే పి.ఎం. 2.5 అంటున్నారు. ఇరువదినాలుగు గంటల సగటున ఘనపు మీటరు గాలిలో ఇవి 60 మైక్రోగ్రాములు మించరాదని మన దేశపు ప్రమాణం. 15 మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. కట్టెలపొయ్యి మండుతున్న మూసిన వంటింట్లో ఇవి వందలలో, ఒక్కొక్కప్పుడు వేలలో ఉంటాయి. పెద్దలలో దీర్ఘకాలపు శ్వాసనాళ వ్యాధికి, గుండెజబ్బుకు, కంటి శుక్లాలకు, పసిపిల్లలలో న్యుమోనియాకు ఈ పొగతో సంబంధం ఉన్నట్లు పరిశోధనలు చూపాయి.

పూర్వులు తట్టుకొన్నారంటే, వారి ఇళ్ళు కూడా వేరు. సీమలోని మట్టిమిద్దెలకు నడిమధ్య గవాచి ఉండేది. వెలుగు లోనికి, పొగ బయటకు ఆ దారినే. వాన వచ్చినప్పుడు మాత్రమే దానిమీద బండ కప్పేవారు. నేటి కాంక్రీటు కప్పులో గవాచి లేదు. కిటికీకి దోమతెర, దానిపై జిడ్డు. ఇల్లు మారినా పొయ్యి మారకపోతే పొగ ఎక్కడికి పోతుంది?

నియమాలు ఏమంటున్నాయి?

పొగ నియంత్రణ చట్టాలకు ప్రసిద్ధమైన ఉదాహరణ ఇంగ్లండు. 1952 డిసెంబరులో లండన్ నగరాన్ని ఐదు రోజులపాటు బొగ్గుపొగతో కూడిన మంచు కమ్మి వేలమంది మరణించారు. 1956లో అక్కడ చట్టం వచ్చింది. పొగ నియంత్రణ ప్రాంతాలుగా ప్రకటించిన చోట్ల పొగరాని ఇంధనాన్ని గాని, పరీక్షలో నెగ్గి అనుమతి పొందిన పొయ్యిని గాని మాత్రమే వాడవలెను. మన దేశంలో 1981 నాటి వాయుకాలుష్య చట్టంలోని 19వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వానికి ఇటువంటి అధికారాన్నే ఇచ్చింది. నియంత్రణ ప్రాంతంలో ఆమోదం లేని ఇంధనాన్ని, ఆమోదం లేని ఉపకరణాన్ని వాడరాదని ప్రభుత్వం ఆదేశించవచ్చు. 2019 జనవరిలో ప్రారంభమైన జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమపు తొలి జాబితాలోనే కర్నూలు ఉంది. తరువాత కడప కూడా చేరింది. గాలి ప్రమాణాలకు తగని నగరాలకే ఆ జాబితాలో చోటు. అయినా మన వంటింటికి వచ్చి పొయ్యిని తనిఖీ చేసే అధికారి ఎవరూ లేరు. ఆ పని ఇంటివారే చేసుకొనవలెను. అందుకు కొలబద్ద ఒకటి ఉంది.

కట్టెతో మండే, ఎత్తిపెట్టుకొనదగిన పొయ్యిలకు భారతీయ ప్రమాణాల సంస్థ 2013లో ఐ.ఎస్. 13152 అనే ప్రమాణాన్ని సవరించి ఇచ్చింది. సహజంగా గాలి ఆడే పొయ్యి కట్టెలోని వేడిలో కనీసం 25 శాతాన్ని పాత్రకు చేర్చవలెను. చిన్న ఫ్యాను గల పొయ్యి 35 శాతాన్ని చేర్చవలెను. పాత్రకు చేరిన ప్రతి మెగాజౌల్ వేడికి వెలువడే పొగకణాలు మొదటి రకంలో 350 మిల్లీగ్రాములు, రెండవ రకంలో 150 మిల్లీగ్రాములు మించరాదు. కార్బన్ మోనాక్సైడ్ రెండింటిలోనూ 5 గ్రాములు దాటరాదు. కొనేటప్పుడు పొయ్యిమీద ఐ.ఎస్.ఐ. గుర్తు, ఈ సంఖ్య ఉన్నవేమో చూడండి. "పొగరాని పొయ్యి" అని దుకాణదారు అట్టమీద వ్రాసుకొన్న మాటకు విలువ లేదు. ప్రమాణం నెగ్గిన పొయ్యి కూడా పొగ బొత్తిగా రానిది కాదు, తక్కువగా వచ్చేది మాత్రమే. కనుక దాని స్థానం ఆరుబయటనే.

పనిని బట్టి పొయ్యి

ఏ పొయ్యి మంచిదని అడిగేవారిని నేను ఏ పనికని ఎదురు అడుగుతాను.

నిత్యపు వంటకు గ్యాసు లేక విద్యుత్ ఇండక్షన్ పొయ్యి. ఇందులో సందేహానికి తావు లేదు. గ్యాసుమంట నీలంగా ఉండవలెను. పసుపుపచ్చగా లేచి పాత్ర అడుగు నల్లబడితే బర్నరు రంధ్రాలు శుభ్రం చేయించండి. గ్యాసుకు పొగ లేకపోయినా నైట్రోజన్ డయాక్సైడ్ వెలువడుతుంది; కిటికీ తెరచి, గాలిని బయటకు తోలే ఫ్యాను వేసి వండవలెను. ఇంట్లో ఉబ్బసపు బిడ్డ ఉంటే ఇండక్షన్ మేలు, దానిలో మంటే లేదు. అయితే దానికి అయస్కాంతం అంటుకొనే చదునైన అడుగు గల పాత్రలే కావలెను. మట్టికుండ, రాగి, మామూలు అల్యూమినియం తపేలా పనికిరావు. కిరోసిన్ స్టవ్వును ఇళ్ళలో వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే చెప్పింది. అటకమీద ఇంకా ఉంటే అక్కడనే ఉండనీయండి.

స్నానాల నీళ్ళకు మన సీమలో సూర్యునికి మించిన పొయ్యి లేదు. ఓర్వకల్లు వైపు గని, శకునాల భూములలో 1000 మెగావాట్ల సౌరవిద్యుత్ పార్కు వెలసింది. ఆ ఎండే మన మిద్దెమీద కూడా కాస్తున్నది. ముగ్గురు నలుగురు గల ఇంటికి 100 లీటర్ల సౌర హీటరు చాలు. మన బోరునీళ్ళు ఉప్పుదేరినవి గనుక రాగిగొట్టాల రకంలో సున్నపు పెచ్చు పడుతుంది. గాజుగొట్టాల రకం మనకు అనుకూలం. ముసురు రోజులకు విద్యుత్ హీటరు తోడుండవలెను. కొనేటప్పుడు ఖర్చు ఎక్కువే. కాని కట్టెల మోపుకు, దగ్గుమందుకు నెలనెలా అవుతున్న ఖర్చును ఆ పక్కన వేసి చూడండి.

సంగటికి, పండుగ వంటకు, పెద్ద పాత్రలకు కట్టె తప్పదనుకొనే ఇళ్ళు ఉన్నాయి. వారికి ఫ్యాను గల పొయ్యి మంచిది. పొగ అంటే పూర్తిగా కాలని కట్టెయే. ఈ పొయ్యి పైభాగంలోని రంధ్రాల గుండా రెండవసారి గాలి తగిలి, లేచిపోయే పొగ అక్కడే మంటగా మారుతుంది. దీనికి కట్టెను బెత్తెడు ముక్కలుగా కొట్టి ఎండబెట్టవలెను. బారెడు కంపను ఒక కొస బయట ఉండగా తోసేవారికి ఈ పొయ్యి పనికిరాదు. వారం రోజులలో విసిగి మూలన పెడతారు. మన ఎండలో కట్టె త్వరగానే ఎండుతుంది గాని, వానకాలపు నిల్వకు కొట్టం కప్పు అవసరం. బాగా ఎండిన తుమ్మ, కంపకట్టె ముక్కలు నిలకడగా మండుతాయి. కందికట్టె చప్పున కాలిపోతుంది, రాజేయడానికి మంచిది. పిడకల పొగ అన్నిటికంటే హెచ్చు. పురుగుమందులు తాగిన పత్తికట్టెను, పాలిథిన్ సంచిని పొయ్యిలో పెట్టకండి. మంట అంటించడానికి ప్లాస్టిక్ ముక్కను వాడే అలవాటు మంచి ఇళ్ళలో కూడా చూస్తున్నాను. అది కట్టెపొగకంటే విషం.

పొగగొట్టపు పొయ్యిని గూర్చి కొంత చెప్పవలెను. ఈ విషయంలో తెలుగునాట మంచి ప్రయత్నం ఒకటి జరిగింది. హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో డాక్టర్ ఎస్.పి. రాజుగారు ఒక్క మంటతో పలు పాత్రలు కాగి, పొగ గొట్టం గుండా బయటకు పోయే మట్టిపొయ్యిని రూపొందించి, 1953లో పొగలేని వంటిళ్ళను గూర్చి పుస్తకం ప్రచురించారు. తరువాత బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థవారు మూడు పాత్రల అస్త్ర పొయ్యిని తెచ్చారు. 1980లలో కేంద్ర ప్రభుత్వం దేశవ్యాప్తంగా మెరుగైన పొయ్యిల కార్యక్రమం చేపట్టింది. 2002లో అది ముగిసేనాటికి మూడు కోట్లకు పైగా పొయ్యిలు పంచినట్లు లెక్క. వాటిలో ఎన్నో మూలపడ్డాయి. మసి పట్టిన గొట్టాన్ని తుడిచేవారు లేకపోయారు, పగిలిన మట్టిని మెత్తేవారు లేకపోయారు. నా అభిప్రాయంలో పొయ్యిని ఇచ్చినవారు మేస్త్రీని ఇవ్వలేదు. కావున పొగగొట్టం పెట్టించేవారు దానిని మిద్దెకు కనీసం రెండు అడుగుల పైకి లేపించి, నెలకొకసారి మసి దులిపించుకొనవలెను. ఇంకొక మాట: పొగగొట్టం పొగను తగ్గించదు, చోటు మారుస్తుంది. పక్కింటి కిటికీకి ఎదురుగా దాని మూతి ఉంటే మన దగ్గు వారికి ఇచ్చినట్లే.

కనిపించని విషం

పొగ కనబడకపోతే ప్రమాదం లేదనుకొనడం అన్నిటికంటే ప్రమాదకరం. బాలింత గదిలో తలుపులు మూసి, కుంపటిలో బొగ్గులు పోసి, సాంబ్రాణి వేసి తల్లినీ బిడ్డనూ కాచే ఆచారం మనవైపు ఇంకా ఉంది. సూతికాగృహ ధూపనం కాశ్యప సంహితలో చెప్పబడినదే. కాని నిప్పులను రాత్రంతా గదిలో ఉంచి నిద్రపొమ్మని ఏ మహర్షీ చెప్పలేదు. బొగ్గు పొగ లేకుండా మండుతూ కార్బన్ మోనాక్సైడును విడుస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వాంతి, మగత, ఆపై మృత్యువు. రంపపుపొట్టు కూరి వెలిగించే పొట్టుపొయ్యి కూడా ఇటువంటిదే, దానిని గదిలోనికి తేరాదు. కుంపటి ఉన్న గదిలో ఎవరైనా మగతగా కనబడితే వెంటనే ఆరుబయటకు చేర్చి ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. ఇక్కడ గృహవైద్యం లేదు, కషాయం లేదు. బిడ్డకు సాంబ్రాణి వేయాలనిపిస్తే తలుపు తెరచి, రెండు నిమిషాలు గదికి చూపి, నిప్పులను బయటపెట్టండి. బిడ్డ ముఖానికి పట్టకండి.

మరొక విషయం మొగమాటం లేకుండా అడుగుతాను. మీ కాగు కింద మంట ఊదేది ఎవరు? కొన్ని ఇళ్ళలో ముసలి తల్లి, కొన్ని ఇళ్ళలో పనిమనిషి. పనిమనిషి ఉదయం మీ పెరట్లో పొగ పీల్చి, సాయంత్రం తన ఇంటి పొయ్యిముందు మళ్ళీ పీలుస్తుంది. 1999లో మన రాష్ట్రంలో దీపం పథకం, 2016లో కేంద్రం ఉజ్జ్వల పథకం పేద స్త్రీలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చాయి. 2024 నవంబరులో ఆరంభమైన దీపం-2 క్రింద అర్హులైన కుటుంబాలకు ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. రేషన్ కార్డు, ఆధార్, బ్యాంకు ఖాతాల చిక్కు విడదీయలేక వదులుకొనే వారు ఉన్నారు. ఒక పూట ఆమె వెంట గ్యాసు ఏజెన్సీకి వెళ్ళి రావడం మీకు కష్టం కాదు.

పొగ తగిలిన కళ్ళను చల్లని మంచినీటితో కడగవలెను. రాత్రి నానబెట్టి కాచిన త్రిఫలా కషాయాన్ని గుడ్డలో పలుమార్లు వడగట్టి చల్లార్చి వాడవచ్చు. ఉప్పు వేసిన గోరువెచ్చని నీటితో పుక్కిలించడం గొంతుకు హితం. ముక్కుల్లో రెండేసి చుక్కలు అణుతైలం మంచిది. పొడిదగ్గుకు అడ్డసరం ఆకురసం తేనెతో వాడుతారు, గర్భిణులకు మాత్రం ఇవ్వరాదు. అతిమధురం నమలడం గొంతుకు హాయి, రక్తపోటు ఉన్నవారు మానుకొనవలెను. మూడు వారాలు దాటిన దగ్గు, పిల్లికూతలు, రాత్రివేళ ఆయాసం ఉంటే ఇంటి మందులతో కాలయాపన చేయక ఛాతీ వైద్యునికి చూపించండి.

ఇక మిగిలింది జొన్నరొట్టె. కట్టెలపొయ్యి వదలడానికి మన పెద్దవారు చెప్పే ఆఖరి అభ్యంతరం ఇదే గనుక దీనికీ జవాబు చెప్పాలి. మసలే నీళ్ళతో పిండిని కలిపి బాగా మర్దించి, చేతితో పలుచగా తట్టి, దళసరి ఇనుపపెనాన్ని గ్యాసు మీద బాగా కాగనిచ్చి వేయండి. పైముఖానికి తడిగుడ్డ అద్ది, ఆరగానే తిప్పి, మడిచిన బట్టతో అంచులు నొక్కితే రొట్టె పొంగుతుంది. మా ఇంట్లో పన్నెండేళ్ళుగా ఇలాగే కాలుస్తున్నారు. నిప్పులమీద కాలిన రొట్టె రుచి వేరు, కాదనను. ఆ రుచి కావాలనిపించిన నాడు ఆరుబయట, గాలికి ఎదురువైపు కూర్చొని, గర్భిణిని, పసిబిడ్డలను దూరంగా ఉంచి, నాలుగు రొట్టెలు కాల్చుకొని నిప్పు ఆర్పేయండి.